ప్రొద్దుటూరు గాలిపెట్టెకు నా సాక్ష్యం

ప్రొద్దుటూరు వెళ్తున్నానని చెప్పగానే మా తెనాలిలో ఆడవాళ్ళు బంగారం ధర కనుక్కురమ్మన్నారు, మగవాళ్ళు బాంబుల సంగతి గుర్తుచేశారు. నేను బయల్దేరింది ఈ రెండింటి కోసమూ కాదు. ఆ ఊళ్ళో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఇనుప పెట్టె ఉందట. మనిషిని అందులో కూర్చోబెట్టి, తలుపు బిగించి, గాలి ఒత్తిడి పెంచి ఆక్సిజన్ పీల్పిస్తే మల్టిపుల్ స్క్లీరోసిస్ అనే నరాల జబ్బు కుదురుతోందట. మా హేతువాద పత్రికకు ఎవరో ఆ సంగతి అచ్చేసిన కరపత్రం పంపారు. పైన పెట్టె బొమ్మ, కింద దండం పెడుతున్న ఒక నాయకుడి బొమ్మ, మధ్యలో ‘పేదలకు ఉచితం’ అని లావుపాటి అక్షరాలు. ఎన్నికలకు ఇంకా నాలుగు నెలలుంది.

విభూతి రాల్చే చేతులతో వేదికల మీద తగువుపడటం నాకు అలవాటైన పని. ఈసారి ఎదురుగా ఉన్నది యంత్రం. దానికి మీటర్లున్నాయి, గొట్టాలున్నాయి, పక్కన డిగ్రీ ఉన్న డాక్టరున్నాడు. రైల్లో నాకు కాలు నిలవలేదు. వాదనలు కూడబెట్టుకుంటూ, కొట్టేసుకుంటూ, తలుపు దగ్గరికీ సీటు దగ్గరికీ తిరుగుతూనే ఉన్నాను.

ఆ జబ్బు గురించి నాలుగు ముక్కలు ముందే చెప్పాలి. మెదడులో, వెన్నులో ఉన్న నరాల చుట్టూ ఒక పొర ఉంటుంది. శరీరం తన పొరను తానే పాడుచేసుకుంటుంది. ఒకనాడు కన్ను మసకబారుతుంది, ఇంకోనాడు కాలు మొద్దుబారుతుంది. చాలామందిలో కొన్ని వారాలకు దానంతటదే తగ్గుముఖం పడుతుంది, తర్వాతెప్పుడో మళ్ళీ వస్తుంది. చిక్కంతా ఈ తగ్గడంలోనే ఉంది. తగ్గే రోజుల్లో ఏ మందు చేతిలో ఉంటే కీర్తి దానిదే. అందుకే పక్కన పోలిక లేకుండా ఈ జబ్బుకు ఏ వైద్యాన్నీ నమ్మకూడదు. విదేశాల్లో ఈ ఆక్సిజన్ పద్ధతిని అలా పోల్చి చూశారనీ, మొదట పుట్టిన ఆశ నిలబడలేదనీ వైద్య పత్రికల్లో చదివే వచ్చాను. అయినా చదివింది వేరు, పెట్టెను కళ్ళారా చూడటం వేరు.

ఎర్రగుంట్ల

రైలు దిగేసరికి పొద్దెక్కింది. స్టేషను బయట నాపరాయి పొడి తెల్లగా అన్నిటి మీదా పేరుకుని ఉంది. రెండు టీ బంకులు, మధ్య పది అడుగుల దూరం. దగ్గరున్న దాంట్లో టీ అడిగాను. రూపాయి. మా ఊళ్ళో ఇచ్చే గ్లాసులో సగం, తీపి రెట్టింపు. పక్క బంకులో బజ్జీలు వేగుతుంటే అటు అడుగు వేశాను. బెంచీ మీద ఉన్న పెద్దాయన నా గ్లాసు వైపు చూపించి అన్నాడు:

“టీ ఈడ తాగి బజ్జీ ఆడ తింటే యట్లమ్మా? ఎవురి మనిషివి నువ్వు?”

“ఎవరి మనిషినీ కాను.”

“అట్ల ఉండదులేమ్మా. ఎవురో ఒకరి మనిషే అయుంటావు. నీకు తెల్దు, అంతే.”

బెంచీ అంతా నవ్వింది. మా వైపు మొదటి పది నిమిషాల్లో చుట్టుతిప్పి కులం కనుక్కుంటారు. ఇక్కడ తిన్నగా పార్టీ అడుగుతారు. పార్టీ అంటే జెండా కాదు. జెండాలు ఎన్నికలకొకటి మారతాయట. ఊళ్ళో రెండు పెద్ద ఇళ్ళుంటాయి, మనిషి ఏ ఇంటికి దండం పెడతాడన్నదే పార్టీ. నాకు చిరాకేసింది. బజ్జీ మాత్రం తినలేదు. అలా తినకుండా వచ్చేసినందుకు బస్సులో నా మీద నాకే ఇంకా చిరాకేసింది.

ప్రొద్దుటూరు

బజారులో వరసగా బంగారం అంగళ్ళు. చిన్న చిన్న పీటల ముందు వంగి కూర్చున్న కంసాలుల మధ్య నుంచి దారి అడుగుతూ ఆసుపత్రి చేరాను. దారిలో మూడు రూపాయలకు ఎర్రకారం పూసిన దోసె తిన్నాను. మా గుంటూరు కారం గురించి గొప్పలు చెప్పుకునేదాన్ని, నీళ్ళు రెండుసార్లు అడగాల్సి వచ్చింది.

డాక్టరు యాభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. దాపరికం లేకుండా అన్నీ చూపించాడు. పెట్టె ఏదో ఓడరేవులో, నీళ్ళలో మునిగి పనిచేసేవాళ్ళ కోసం వాడినదట. పాతబడ్డాక దాన్ని కరపత్రం మీది నాయకుడు కొని తెప్పించి ఆసుపత్రికి ఇచ్చాడు. అక్కడి జనం ఆయన్ని పెద్దాయప్ప అంటారు. నేనూ అలాగే అంటాను. పెట్టె చూడటానికి అడ్డంగా పడుకోబెట్టిన నీళ్ళ ట్యాంకులా ఉంది. లోపల ముగ్గురు కూర్చోవచ్చు. కంప్రెసరు బయటి గాలిని కూరి ఒత్తిడి పెంచుతుంది, మూతికి పెట్టిన మాస్కులోంచి సిలిండరు ఆక్సిజన్ వస్తుంది.

“మునిగి తేలినవాళ్ళకి ఇది ప్రాణం నిలిపే వైద్యం. మొండి పుళ్ళు కొన్నింటికి పనికొస్తుంది. అవునా కాదా?” అన్నాడు డాక్టరు.

“అవును. దానికీ ఈ జబ్బుకీ ఏమిటి సంబంధం?”

“దెబ్బతిన్న పొరకి ఆక్సిజన్ ఎక్కువ అందితే మానుతుందని...”

“మానిందని మీకెలా తెలుసు?”

ఆయన ఒక పెద్ద పుస్తకం తెచ్చి నా ముందు పెట్టాడు. రోగి పేరు, ఊరు, ఎన్నోసారి, చివర్లో ‘రోగి చెప్పినది’ అనే గడి. ఆ గడిలో పై నుంచి కింది దాకా ఒకటే మాట: మేలు. పేజీ తిప్పాను. మేలు. మోకాళ్ళ నొప్పులవాడికీ, పక్షవాతం మనిషికీ మేలే. మల్టిపుల్ స్క్లీరోసిస్ అని రాసి ఉన్న ఒకే ఒక్క పేరు, సుంకులమ్మ, ఇరవై ఒక్కసార్లకు ఇరవై ఒక్క మేళ్ళు. ఏ మందు మీదా ఇన్ని పేజీలు ఒకే మాట నేను చూడలేదు.

“మేలు లేదని ఒక్కరూ చెప్పకపోవడం మీకు వింతగా లేదా?” అన్నాను.

“అడిగినప్పుడు వాళ్ళు చెప్పిందే రాయిస్తున్నాను కదమ్మా,” అన్నాడు. అబద్ధమాడే గొంతు కాదు. అదే నన్ను మరీ ఇబ్బంది పెట్టింది.

నేనూ పెట్టెలో కూర్చుంటానన్నాను. లోపల బెంచీ మీద ముప్పై ఏళ్ళు దాటని ఒకామె ఉంది. ముదురు పసుపు చీర, చేతిలో ఒక కర్ర. ఆమే సుంకులమ్మ. తలుపు పడింది, మరలు బిగిశాయి. ఒక చోట కూర్చోలేని నాలాంటిదానికి అంతకంటే శిక్ష లేదు. ఒత్తిడి మొదలవగానే రెండు చెవుల్లోనూ మేకులు దిగినట్టయింది. లేచి తలుపు బాదబోయాను. సుంకులమ్మ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

“ముక్కు మూసుకో అక్కా. మూసుకోని ఎంగిలి మింగు. ఆఁ... ఇంగోసారి. పెద్ద సదువులు సదివినావు, ఎంగిలి మింగేది రాదే నీకు!”

టప్‌మని చెవులు తెరుచుకున్నాయి. నాకు సిగ్గూ నవ్వూ రెండూ వచ్చాయి. గంటసేపు ఇద్దరం మాస్కుల వెనక నుంచి ఒకరినొకరు చూసుకున్నాం. బయటికి వచ్చాక ఆమె మెట్టు మీద కాలు పెట్టబోయి గాల్లో పెట్టింది. పడబోతే ఆమె భర్త ఓబులేసు పట్టుకున్నాడు. ఆమె ఎడమ కన్ను మాటిమాటికీ రుద్దుకుంటుంటే ఏమైందని అడిగాను. ఆమె డాక్టరు గది వైపు ఒకసారి చూసింది.

“మేలుగానే ఉండాది,” అని గట్టిగా అంది. తర్వాత గొంతు తగ్గించి, “రేపు మా ఇంటికి రా. జమ్మలమడుగు దాటినాక దిగి, గొర్రెలోళ్ళ ఓబులేసిల్లు అని అడుగు.”

జమ్మలమడుగు

పెన్న దాటాను. ఏరంటే ఇసుకే. కృష్ణ కాలవల పక్కన పెరిగినదాన్ని, వంతెన మీద నుంచి కిందికి చూసి నీళ్ళ కోసం వెతికాను. బస్సు దిగి నడుస్తుంటే చెప్పు తెగింది. ఎండకు నాపరాళ్ళ బాట కాలుతోంది. ఒక చెప్పుతో కుంటుకుంటూ ఆ ఇంటికి చేరేసరికి సుంకులమ్మే నన్ను చూసి నవ్వింది.

“ఏంది అక్కా, నా జబ్బు నీకంటుకునిందా?”

ఓబులేసు తరాల నుంచి గొర్రెల మంద ఉన్న ఇంటివాడు. ఇప్పుడు రెండెకరాల్లో వేరుశనగ కూడా వేస్తున్నాడు. రాగి సంకటి ముద్ద, ఊరిబిండి అనే వేరుశనగ పచ్చడి, మజ్జిగ పెట్టారు. సంకటిని నమలకూడదట, మింగాలట. నేను నములుతుంటే ఆ ఇంటి ముసలామె జాలిగా చూసింది. తిన్నాక సుంకులమ్మ చెక్కపెట్టెలోంచి ప్లాస్టిక్ కవరులో చుట్టిన కాగితం తీసింది. రెండేళ్ళ కింద మద్రాసులో ఒక పెద్దాసుపత్రిలో జబ్బు పేరు తేల్చి ఇచ్చిన కాగితం. కింద ఇంగ్లీషులో రాసి ఉంది: కొత్తగా కన్ను మసకబారినా, కాళ్ళు మొద్దుబారినా వెంటనే తీసుకురావాలి.

“ఎడమ కన్ను ఎన్నాళ్ళ నుంచి ఇట్లా ఉంది?”

“తొమ్మిది దినాలు. పొగలో చూసినట్లు ఉండాది. రంగులు శానా వెలిసిపోయి అగపడతాండాయి.”

“ఇరవై రెండుసార్లు పెట్టెలో కూర్చుంటూ ఉండగానే వచ్చిందా ఇది?”

“కూసుంటాండగానే.”

నేను లేచి నిలబడ్డాను. కొత్తగా వచ్చిన దెబ్బకు మద్రాసులో నరానికి ఇంజెక్షన్లు ఇస్తారు. తొందరగా కోలుకోవడానికి అవి సాయపడతాయని తెలుసు. “రేపే బయల్దేరండి. ఆ పెట్టె మానెయ్యండి,” అన్నాను. వేదిక మీది గొంతు వచ్చేసింది నాకు. ఓబులేసు దూడకు నీళ్ళు పెడుతున్నవాడు బకెట్టు దించి నా ముందు కూర్చున్నాడు.

“మేడమ్, పెద్దాయప్ప నలభైసార్లు కూసోబెట్టమని చెప్పినాడు. ఇంగా పద్దెనిమిది ఉండాయి. నడిమిట్లో మానేస్తే ఏమనుకుంటారు?”

“ఏమనుకుంటే మీకెందుకు?”

“పెట్టిన చెయ్యి తోసేసినాడు, అవతల పార్టీకి పోతాండాడు అనుకుంటారు. మా సిన్నాయన కొడుకు, ఆయప్ప బిడ్డ పెండ్లికి పంచిన పంచె తీసుకోలే. వాని కత వేరే, పంచె కొలత సాలలేదని వాపసు పంపినాడు. సాయంత్రానికి అవతలోళ్ళు వచ్చి భుజం తట్టి మావాడివే అన్నారు. తెల్లారేసరికి వాని గడ్డివామి తగలబడింది. అవతలోళ్ళు ఆదుకోనూలే, ఇవతలోళ్ళు రానీయనూలే. ఇప్పుడు బళ్ళారిలో కూలి చేసుకుంటాండాడు. పంచె కొలతకే అట్లయింది, ఇది పెట్టె.”

“మీరు నిజం చెప్పకపోతే...”

“మీరు మీ ఊరికి పోతారు మేడమ్. మేమీడనే ఉండాల.”

అప్పుడు ఆ పుస్తకం అర్థమైంది నాకు. ఆ గడిలో రాస్తున్నది జబ్బు సంగతి కాదు. ఎట్లుంది అని డాక్టరు అడుగుతున్నాడు, ఎవరి మనిషివి అని వీళ్ళకు వినిపిస్తోంది. అడిగేవాడు నిజాయితీపరుడే, చెప్పేవాళ్ళు మంచివాళ్ళే. పుస్తకమంతా అబద్ధం. ఇరవై ఏళ్ళ వాదాల్లో ఇలాంటిది నాకు ఎదురుపడలేదు. ఎవరి మీద అరవాలో తెలియక ఆ ఇంటి ముంగిట్లో ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచాను. ముసలామె కోడిపిల్లల్ని నా కాళ్ళ కింద పడకుండా గంప కింద మూసింది.

పులివెందుల

మర్నాడు ముద్దనూరు మీదుగా పులివెందుల బస్సెక్కాను. కారణం చిన్నదే. ఆసుపత్రి పుస్తకంలో కొన్ని వారాల కిందట చేతిరాత మారింది. పాత ఆపరేటరు ఎవరని అడిగితే, ఖాదర్ అనే కంప్రెసర్ మెకానిక్ అనీ, పని మానేసి ఇప్పుడు వేముల దగ్గర బోరు బండి మీద తిరుగుతున్నాడనీ చెప్పారు. మూడు చీనీ తోటలు తిరిగాక దొరికాడు. మా వైపు బత్తాయి అనేదాన్నే ఇక్కడ చీనీ అంటారు. నీళ్ళు అడుగంటి చెట్లు కొమ్మల చివర నుంచి ఎండుతున్నాయి. రైతు ఒకడు నాలుగో బోరు వేయిస్తూ ఆ గుంత అంచునే కూర్చుని ఉన్నాడు.

ఖాదర్ నలభై ఏళ్ళవాడు, ఒళ్ళంతా తెల్ల దుమ్ము. ఆసుపత్రి పేరెత్తగానే బండి వెనక్కి నడిచాడు. నేనూ నడిచాను.

“ఎవరు పంపినారు మిమ్మల్ని?”

“ఎవరూ పంపలేదు. ఆ పెట్టెలో ఒక మనిషి కన్ను పోతోంది. అందుకొచ్చాను.”

చాలాసేపు గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

“సుంకులమ్మేనా? మెట్టు మీద కాలు పెట్టబోయి గాల్లో పెడతాదే, ఆ యమ్మ?” అన్నాడు. “చెప్తా ఇనండి. మల్లా ఎవరడిగినా నేను చెప్పలేదంటా. ఒకసారి ఎవురినో నరికినారని బందు పెట్టినారు. దావలన్నీ మూసేసినారు. సిలిండర్ల లారీ రాలే. డాక్టరు సారు కడపలో ఇరుక్కున్నాడు. ఆక్సిజన్ ఖతం. పెట్టె ఆపుతానంటే పెద్దాయప్ప మనిషి వచ్చి, పెట్టె ఆగిందంటే అవతలోళ్ళు నవ్వుతారు, ఆగేదానికి లేదు అన్యాడు.”

“అప్పుడు?”

“కంప్రెసర్ గాలే మాస్కులకు కూడా తగిలించినా. పదకొండు దినాలు. ఉత్త గాలి మేడమ్. మనం ఈడ పీలుస్తాండే గాలి. రోజూ ఎట్లుంది అని అడుగుతాంటి, మేలు అంటాండ్రి, రాస్తాంటి. సారు వచ్చినాక చెప్పేకి నాకు నోరు రాలే.”

నేను సంచిలోంచి నోటు పుస్తకం తీశాను. ఆసుపత్రిలో ఎక్కించుకున్న తేదీలను అతను చెప్పిన రోజులతో పక్కపక్కన పెట్టాను. మేలు, మేలు, మేలు. ఆక్సిజన్ రోజులకీ ఉత్త గాలి రోజులకీ మధ్య ఒక్క అక్షరం తేడా లేదు. విదేశాల్లో పరిశోధకులు కష్టపడి ఏర్పాటు చేసే పోలిక, ఎవరికీ తెలియకుండా ఒక హత్య వల్ల ఇక్కడ దానంతటదే జరిగిపోయింది. ఇంత జరిగినా వైద్యం పనిచేయదని ఈ పదకొండు రోజులతో నేను రుజువు చేయలేను. మేలు చేసే వైద్యానికైనా నాలుగు రోజులు ఆగగానే ఫలితం చెరిగిపోవాలని లేదు. కానీ ఆ పుస్తకాన్ని ఎవరూ సాక్ష్యంగా చూపకూడదని మాత్రం తేలిపోయింది.

“ఉద్యోగం ఎందుకు మానేశావు? ఇంతకంటే నీడపట్టున ఉండేదిగా,” అని అడిగాను.

“బోరు వేస్తే నీళ్ళు పడినాయా లేదా నేలే చెప్తాది మేడమ్. నేలకు పార్టీ లేదు. ఆ యప్పను చూడండి,” అని గుంత అంచున కూర్చున్న రైతును చూపించాడు. “పడకపోతే ఏడుస్తాడు, నన్ను తిడతాడు. తిట్టినా నాకు బాగుంటాది. ఆడ ఎవురూ తిట్టరు.”

ఆ బోరులో దుమ్మే వచ్చింది. రైతు నిజంగానే తిట్టాడు.

వాయిదా రోజు

సాయంత్రానికి తిరిగి ఓబులేసు ఇంటికి చేరి అంతా చెప్పాను. సుంకులమ్మ ఉలిక్కిపడుతుందనుకున్నాను. పకపకా నవ్వింది.

“ఆ దినాల్లో మాస్కులో నూనె కంపు కొడతాండె గదక్కా. మా చేన్లో బోరు వేసినప్పుడు కొట్టిన కంపే. నాకు తెల్దా?”

“తెలిసి మేలని ఎందుకు చెప్పావు?”

“బాగలేదంటే, ఎవురు చెప్పమన్నారు అంటారు. ఆయప్పకు మేలు గదా అని మేలన్నా.” నవ్వు ఆపి చీపురు పుల్లతో నేల మీద గీస్తూ కూర్చుంది. తర్వాత భర్త వైపు తిరిగింది. “నయమైపోయిందంటే?”

“ఏంది?”

“పూర్తిగా నయమైపోయింది, కన్ను బాగా అగపడతాంది అంటే? నయమైనోళ్ళను పెట్టెలో యాల కూసోబెడతారు? ఆయప్పకు పేరొస్తాది. మనం తిరప్తి మొక్కు ఉండాదని చెప్పి రైలెక్కుదాం. ఆ రైలే గదా మద్రాసుకు పోయేది.”

ఓబులేసు నోరు తెరిచి ఆమెను చూశాడు. నేను ఒప్పుకోలేదు. “నీ అబద్ధం ఆ పుస్తకంలో రుజువైపోతుంది. రేపు దాన్ని చూసి ఇంకొకరు వస్తారు,” అన్నాను.

“నా కన్ను నీ పుస్తకం కన్నా చిన్నదా అక్కా?”

నోటు పుస్తకం మూసి సంచిలో పెట్టేశాను.

మర్నాడు ప్రొద్దుటూరు కోర్టులో పెద్దాయప్ప కేసు వాయిదా. వాయిదాకు వచ్చినప్పుడల్లా ఆయన ఆసుపత్రికి వచ్చి పెట్టెను చూసి పోతాడట. మూడు జీపులు ఆగాయి. ఆయన లోపలికి వచ్చి, గోడకు వీపు ఆనేలా కుర్చీ తిప్పించుకుని కూర్చున్నాడు. తెల్ల పంచె, మెత్తటి మాట. సుంకులమ్మ కర్ర బయటే వదిలేసి, భర్త భుజం కూడా పట్టుకోకుండా నడిచి వెళ్ళి దండం పెట్టింది.

“అప్పా, నీ పెట్టె నా కన్ను నాకిచ్చింది. నయమైపోయింది.”

డాక్టరు ముఖం వెలిగింది. పెద్దాయప్ప ముఖంలో మాత్రం మార్పు లేదు. ఆయన తెలివితక్కువవాడు కాదు.

“కుడి కన్ను మూసుకో,” అన్నాడు. చెయ్యి ఎత్తి వేళ్ళు చాచాడు. “ఎన్ని?”

ఆమెకు కనబడేది పొగ. పొగలో ఒక చెయ్యి నీడ. ఎవరైనా అయిదు అంటారు.

“నాలుగు,” అంది సుంకులమ్మ. “అయిదోది నీ శత్రువుల బాంబుకు పాయె గదప్పా. ఎన్ని దినాలు పెట్టెలో కూసుంటే నీకది మొలుస్తాదో!”

ఆయన చాచిన చేతిని తానే ఒకసారి చూసుకున్నాడు. తర్వాత ఆయన పెద్దగా నవ్వాడు. ఆయన నవ్వాక జీపుల్లో వచ్చినవాళ్ళంతా నవ్వారు. ఓబులేసు నవ్వలేక దగ్గాడు. పెద్దాయప్ప నా వైపు తిరిగాడు.

“కోస్తా నుంచి వచ్చిన మేడమ్ మీరేనా? దేవుడే లేడంటారంట. మంచిది. నమ్మనోళ్ళ సాక్ష్యానికే విలువ. రాయండి.”

పుస్తకం నా ముందుకు వచ్చింది. ఒక ఎత్తు తట్టింది. ‘ఎన్ని వేళ్ళని అడిగితే నాలుగు అని చెప్పింది’ అని రాశాను. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. పెద్దాయప్ప అది చదివి, పుస్తకం మళ్ళీ నా ముందుకే జరిపాడు.

“నయమైందా, లేదా? అది రాయండి.”

సుంకులమ్మ నా వైపు చూడలేదు. గోడ వైపు చూస్తోంది. గోడ కూడా ఆమెకు సగమే కనబడుతోందని ఆ గదిలో తెలిసినవాళ్ళం ముగ్గురం. రాశాను: నయమైంది. కింద నా పూర్తి పేరు, ఊరు.

ఆ మధ్యాహ్నమే ఎర్రగుంట్ల స్టేషనులో వాళ్ళిద్దరినీ మద్రాసు వైపు రైలెక్కించాను. రైలు కదిలాక ఆమె కిటికీలోంచి అరిచింది: “ఎంగిలి మింగు అక్కా! మొగం అట్ల పెట్టుకోకు!”

తిరిగి వచ్చాక

ఓబులేసు రాసిన కార్డు రెండు నెలలకు వచ్చింది. మద్రాసులో ఇంజెక్షన్లు ఇచ్చారట. కన్ను ముప్పాతిక దాకా తేటపడిందట. ఇంజెక్షన్ వల్లనో, దానంతటదే తగ్గిందో, ఈ ఒక్క మనిషిని చూసి నేను తేల్చలేను. పెట్టె విషయంలో పట్టుబట్టి అడిగిన రుజువును మద్రాసు దగ్గరా అడగాలి. అడిగిచూశాను, వైద్య పత్రికల్లో దొరికింది. వాళ్ళు ఊరికి తిరిగి వెళ్ళలేదు. మందను ముందే తోలించి, సుంకులమ్మ పుట్టింటి వైపు, కన్నడ దేశంలో ఉండిపోయారు. “ఈడ ఎవురూ పార్టీ అడగరు. గొర్రెలెన్ని అని అడుగుతారు,” అని రాశాడు. కాబట్టి ఇది రాసే వీలు కలిగింది. మనుషుల పేర్లన్నీ మార్చాను. ఖాదర్ బోరు బండి ఇప్పుడు ఏ రాష్ట్రంలో తిరుగుతోందో నాకు తెలుసు, ఎక్కడో రాయను.

నిజానికి ఈ కథనం ఇంకా కొన్నాళ్ళు ఆగేది. ఆగనివ్వనిది ఇంకో ఉత్తరం, పది రోజుల కిందట వచ్చింది. కలమల్లలో థర్మల్ విద్యుత్ కేంద్రంలో పనిచేసే ఒకాయన భార్య రాసింది. పంతొమ్మిదేళ్ళ కొడుకు. జబ్బు అదే. మద్రాసుకు టిక్కెట్లు తీసుకున్నారట. ఈలోగా ప్రొద్దుటూరు ఆసుపత్రికి వెళ్తే అక్కడ నా సంతకం ఉన్న పేజీని అద్దం కట్టించి గోడకు పెట్టారట. “మీ వ్యాసాలు మా ఇంట్లో అందరం చదువుతాం. దేనినీ ఊరికే నమ్మరు మీరు. మీరే రాశారని టిక్కెట్లు రద్దు చేసుకున్నాం. ఇప్పటికి పన్నెండుసార్లు కూర్చోబెట్టాం. వాడికి కాళ్ళు ఇంకా తిమ్మిరిగానే ఉన్నాయి. ఎన్నిసార్లకు తెలుస్తుందో దయచేసి చెప్పగలరా?”

ఆ పూటే తంతి ఇచ్చాను: నా సంతకం అబద్ధం. మద్రాసు వెళ్ళండి. ఇవాళ పదో రోజు, జవాబు లేదు. తంతి చేరిందో లేదో తెలియదు. చేరినా, గోడ మీద అద్దంలో ఉన్న కాగితాన్ని కాదని తంతిని ఎందుకు నమ్మాలి వాళ్ళు?

సుంకులమ్మకు కార్డు రాసి అడిగాను, నీ సంగతి అచ్చువేయనా అని. ఆమె చెప్పగా ఓబులేసు రాసిన జవాబు నిన్న అందింది. “రాసేది తర్వాత. నువ్వు ఆ బిడ్డ ఇంటికి పోయినావా, ఇంగా కూసోనుండావా అని అడగమంటాంది.”

కూర్చోలేదు. ఈ కాగితాలు ప్రెస్సుకు ఇచ్చేసి మధ్యాహ్నం రైలెక్కుతున్నాను. ఎర్రగుంట్లలో దిగితే కలమల్ల దగ్గరే. ఆ తల్లి ఎదురుగా కూర్చుని, నాలుగు వేళ్ళ సంగతీ పదకొండు రోజుల ఉత్త గాలి సంగతీ నా నోటితో చెప్పాలి. ఆ పిల్లవాణ్ణి పెట్టెలో కూర్చోబెట్టింది నేను రాసిన ఒక్క మాట. ఆమె నన్ను తిడితే తిట్టించుకుని, వాళ్ళతో పాటు మద్రాసు టిక్కెట్ల వరుసలో నేనూ నిలబడతాను.